వేడి మీద సెల్ఫ్ ‘టక్’ అని ఆగిపోతోంది, ఐడిల్ పడిపోతోంది, మీటరేమో అంతా బాగుందంటోంది

పాతబండి

అందరికీ నమస్కారం. నాది పాత పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు, మల్టీపాయింట్ ఇంజెక్షన్ (ప్రతి సిలిండర్‌కీ విడిగా పెట్రోల్ చిమ్మే రకం), త్రాటిల్‌కి (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపుకి) కేబులే. బటన్ స్టార్ట్ కాదు, తాళం తిప్పే రకం.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే అందుకుంటుంది. బాగా నడిపి, ఆపి, ఓ పది నిమిషాలకి మళ్ళీ తాళం తిప్పితే ముందు నుంచి ‘టక్’ అని ఒక చప్పుడు వస్తుంది, అంతే, సెల్ఫ్ (ఇంజిన్‌ని మొదట తిప్పే మోటారు) తిరగదు. ఒక్కోసారి ఈసురోమంటూ రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

రెండో బాధ ఐడిల్, అంటే పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం. మామూలుగా నిమిషానికి 800 చుట్ల దగ్గర నిలబడుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు, బ్లోయర్, ఏసీ అన్నీ పడితే 550కి జారిపోయి వణుకుతుంది. సిగ్నల్ దగ్గర ఆగిపోయిందంటే ఇక మొదటి సమస్య మొదలు. వెనక హారన్ల మోత, ముందు ‘టక్’. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

నేను చూసినంతలో బ్యాటరీ 12.6 వోల్టులు ఉంది. ఇంజిన్ ఎర్త్ కేబుల్‌ని (ఇంజిన్‌ని బ్యాటరీ మైనస్‌కి కలిపేదాన్ని) ఓమ్స్‌లో పెట్టి చూస్తే 0.2 చూపించింది. ఫ్యూజులు బాగున్నాయి, ప్లగ్గులు కొత్తవి, చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. చూసినవాళ్ళలో ఒకరు సెల్ఫ్ మోటార్ మార్చెయ్యమన్నారు, ఇంకొకరు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోయిందన్నారు. ఏదైనా మార్చేముందు నా దగ్గరున్న మామూలు డిజిటల్ మీటరుతో తేల్చుకునే దారి ఉందా?

గేరు_నాలుగు

బ్రదర్, వేడి మీద మొరాయిస్తోందంటే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టి ఈసీయూకి చెప్పేది). కళ్ళు మూసుకుని మార్చెయ్. మా బండికీ ఇదే జరిగింది, చల్లారితే స్టార్ట్, వేడెక్కితే లేదు. ఐడిల్ సంగతి ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసేది) అయ్యుంటుంది. బండి ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినల్ ఒకటి పీకి చూడు. ఇంజిన్ ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టే.

బల్బుమాస్టారు

ముందు ఆ టెర్మినల్ పీకే మాట ఆపండి. కార్బురేటర్ల కాలం అలవాటది. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీని విడదీస్తే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరిపడుతుంది, ఆ దెబ్బ ఈసీయూకో, ఆల్టర్నేటర్ డయోడ్లకో తగులుతుంది. ఉన్న జబ్బు తెలియదు సరికదా, కొత్తది వస్తుంది. ఆల్టర్నేటర్ సంగతి మీటరు రెండు క్షణాల్లో చెబుతుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

క్రాంక్ సెన్సార్ వేడికి మొండికేస్తుందన్న మాట నిజమే. కానీ అది పోతే సెల్ఫ్ హాయిగా తిరుగుతుంది, ఇంజినే అందుకోదు. ఈయనకి సెల్ఫే తిరగడం లేదు. తాళంతో స్టార్ట్ చేసే ఇలాంటి పాత బండిలో సెల్ఫ్ తిరగడానికి క్రాంక్ సెన్సార్ అనుమతి అక్కర్లేదు. కాబట్టి సెన్సార్ డబ్బా ఇప్పుడు విప్పొద్దు.

ఇక పాతబండి గారూ, మీ కొలతల్లో అబద్ధం లేదు, కానీ అవి బండి నిద్రపోతున్నప్పటి కొలతలు. 12.6 అంటే బ్యాటరీ నిండుగా చార్జ్ అయి ఉందని మాత్రమే. పని చేసేటప్పుడు ఎంత నిలబెడుతుందో ఆ అంకె చెప్పదు. కేబుల్ 0.2 ఓములు అన్నారు. మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి తాకించి చూడండి, అప్పుడూ 0.2 దగ్గరే చూపిస్తుంది. అంటే మీరు కొలిచింది మీ మీటరు వైర్లనే. సెల్ఫ్ మోటార్ 150 ఆంపియర్లు లాగిందనుకోండి, దారిలో ఎక్కడో 0.01 ఓము అడ్డు ఉంటే చాలు, 1.5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. ఓములో నూరో వంతును మామూలు మీటరు చూడలేదు. అందుకే ఎర్త్ కేబుళ్ళని నేను ఓమ్స్‌లో ఎప్పుడూ చూడను. కరెంటు పారుతుండగా ఆ కేబుల్ రెండు కొసల మధ్య వోల్టేజ్ చూస్తాను. వోల్టేజ్ డ్రాప్ అనేది దీన్నే.

ఇప్పుడు ఇలా చేయండి. బండి వేడెక్కి, జబ్బు బయటపడే సమయానికే చేయాలి. పొద్దున చల్లటి ఇంజిన్ మీద చేసి ‘బాగానే ఉంది’ అని రాయొద్దు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ గట్టిగా. ఫ్యూయల్ పంప్ రిలే పీకేయండి, అప్పుడు సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. తాళం తిప్పడానికి ఇంకో మనిషిని కూర్చోబెట్టండి. మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టండి. ప్రతిసారీ నాలుగైదు సెకన్లే తిప్పించి, మధ్యలో ఒక నిమిషం ఆగండి, లేకపోతే పరీక్షతోనే మోటారు కాలుతుంది. మీటరు వైర్లు ఫ్యాన్‌కి, బెల్టుకి దూరంగా ఉండాలి, వేడి ఎగ్జాస్ట్‌కి మరీ దూరంగా.

మొదట బ్యాటరీ రెండు సీసపు పోస్టుల మీద. క్లాంపు మీద కాదు, పోస్టు మీదే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పోతే బ్యాటరీ సంగతి చూడాలి. తర్వాత మైనస్ పోస్టు నుంచి ఇంజిన్ బ్లాకు మీద పెయింటు లేని చోటికి. ఇక్కడ 0.2 లోపు ఉండాలి, 0.3 వస్తే అనుమానించాలి. మూడోది ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ సొలెనాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి) మీద లావు కేబుల్ వచ్చే స్టడ్డుకి, అంటే 30 నంబరు టెర్మినల్‌కి. 0.5 లోపు ఉండాలి. మీటరు వైరు స్టడ్డు మీదే పెట్టండి, నట్టు మీద కాదు.

చివరిది తాళం స్విచ్చి నుంచి సొలెనాయిడ్‌కి వచ్చే సన్న వైరు, 50 నంబరు టెర్మినల్. ఇంజిన్ బ్లాకుకీ దానికీ మధ్య, తాళం తిప్పినప్పుడు ఎంత వస్తుందో చూడండి. ‘టక్’ అని మాత్రమే వచ్చే బండ్లలో చాలాసార్లు తాళం స్విచ్చి లోపలి కాంటాక్టులు కాలిపోయి, ఈ వైరుకి 8, 9 వోల్టులే అందుతుంటాయి. సొలెనాయిడ్ కాయిల్ వేడెక్కినకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, 60 డిగ్రీలు పెరిగితే రాగి రెసిస్టెన్స్ దాదాపు నాలుగో వంతు ఎక్కువవుతుంది. చల్లగా ఉన్నప్పుడు లోపలి ప్లంజర్‌ని (ఇనుప కడ్డీని) ఎలాగోలా లాక్కొచ్చిన కాయిల్ వేడి మీద లాగలేకపోతుంది. మీ ‘అరగంట ఆగితే స్టార్ట్’ కథకి ఇది కూడా సరిపోతుంది. అందుకే నాలుగూ కొలవమంటున్నాను.

అంకెలు ఇక్కడ పెట్టండి. చల్లటి మీదవి, వేడి మీదవి రెండూ.

పాతబండి

మాస్టారూ, చెప్పినట్టే చేశాను. తాళం దగ్గర మా తమ్ముడు, బానెట్ దగ్గర నేను.

చల్లగా ఉన్నప్పుడు: బ్యాటరీ పోస్టుల మీద 10.4. మైనస్ నుంచి బ్లాకుకి 0.7. ప్లస్ వైపు 0.3. 50 టెర్మినల్ మీద 9.1.

వేడి మీద, ఈసురోమంటున్నప్పుడు: పోస్టుల మీద 11.1. మైనస్ నుంచి బ్లాకుకి 1.9. ప్లస్ వైపు మళ్ళీ 0.3. 50 మీద 8.8.

ఒకటి అర్థం కాలేదు. వేడి మీద బ్యాటరీ ఇంకా ఎక్కువ చూపిస్తోందేమిటి? సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ కిందికి పడాలి కదా?

బల్బుమాస్టారు

అసలు ఆనవాలే అది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతూ, బ్యాటరీ కూడా బాగా పడిపోతే బ్యాటరీయో, లోపల పట్టేసిన మోటారో అనుకోవాలి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతూ బ్యాటరీ మాత్రం దర్జాగా 11 మీద కూర్చుందంటే, కరెంటు దాని దగ్గరనుంచి బయటికే సరిగ్గా పోవడం లేదన్నమాట. దారిలో అడ్డు ఉంది. ఎక్కడో మీ రెండో అంకె చెప్పేసింది. 11.1లో ఎర్త్ వైపు 1.9 పోయింది, ప్లస్ వైపు 0.3 పోయింది, మోటారుకి మిగిలింది 8.9. అది మాత్రం ఏం తిరుగుతుంది పాపం!

50 టెర్మినల్ 8.8 చూసి తాళం స్విచ్చి మీద పడకండి. సొలెనాయిడ్‌కీ ఎర్త్ అదే బ్లాకు. అక్కడ 1.9 పోతుండగా 8.8 వచ్చిందంటే స్విచ్చి దారిలో పోయింది 0.4 మాత్రమే. చల్లటి కొలతలోనూ లెక్క వేయండి, 10.4లోంచి 0.7, 9.1 తీసేస్తే 0.6 వస్తుంది. స్విచ్చి నిర్దోషి.

కేబుల్ విప్పేముందు ఒక చిన్న సాక్ష్యం తీసుకోండి. జంపర్ కేబుల్ ఉంటే ఒకటి తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజిన్ ఎత్తడానికి ఉండే ఇనుప కొక్కేనికి గట్టిగా పట్టించి, వేడి మీదే సెల్ఫ్ కొట్టండి. చురుగ్గా తిరిగిందంటే సందేహం లేనట్టే. ప్లస్ వైపు మాత్రం ఇలాంటి ప్రయోగం చేయొద్దు, జారి బాడీకి తగిలితే నిప్పులే.

తర్వాత బ్యాటరీ మైనస్ నుంచి గేర్‌బాక్స్‌కి (అది బ్లాకుకే బిగించి ఉంటుంది) వెళ్ళే ఎర్త్ కేబుల్ మొత్తం బయటికి తీయండి. బోల్టు బిగువుగా ఉందని వదిలేయకండి. లగ్గులోకి (కేబుల్ కొసన బోల్టు పట్టే లోహపు ముక్కలోకి) రాగి తీగలు నొక్కి బిగించిన చోట తొడుగు కాస్త వెనక్కి జరిపి చూడండి, పచ్చటి పొడి గానీ, నల్లబడిన తీగలు గానీ కనబడతాయి. గేర్‌బాక్స్ వైపు లగ్గు కింద పెయింటు ఉన్నా గీకి మెరిసే లోహం తేలేదాకా శుభ్రం చేయండి. కొత్తది అదే మందం, లేదా ఇంకాస్త లావుది వేయండి. బిగించాక పైన వాసెలిన్ రాయండి, ముందే రాసి బిగించొద్దు.

ఇక ఆల్టర్నేటర్. పాత కేబుల్ ఉండగానే ఇది కొలిచి పెట్టుకోండి, మీకే సరదాగా ఉంటుంది. ఇంజిన్ ఆన్ చేసి, లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి, ఆల్టర్నేటర్ వెనక లావు స్టడ్డు నుంచి దాని బాడీకి ఎంత, బ్యాటరీ పోస్టుల మీద ఎంత, బ్యాటరీ మైనస్ నుంచి బ్లాకుకి ఎంత. నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద ఉంచితే మూడోది మైనస్ గుర్తుతో వస్తుంది. కంగారు పడొద్దు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంటు బ్లాకు నుంచి బ్యాటరీకి తిరిగొస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు లైట్ల కరెంటు బాడీ నుంచి, ఇదే కేబుల్ మీదుగా, ఆల్టర్నేటర్‌కి వెళ్తుంది. ఎదురు దిక్కు. కేబుల్ చెడితే రెండు పూటలా దొంగతనమే.

స్కానర్_చూపు

మాస్టారు స్టార్టింగ్ సంగతి తేల్చేశారు కాబట్టి ఐడిల్ గురించి ఒక మాట. ఎర్త్ సరిచేస్తే ఐడిల్ కొంత బాగుపడొచ్చు. వోల్టేజ్ తగ్గితే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, ఈసీయూ దాన్ని లెక్కలోకి తీసుకుని కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ సర్దుబాటుకీ ఓ హద్దుంటుంది. కానీ 550 దాకా పడిపోవడం ఎర్త్ ఒక్కదాని పని అనిపించడం లేదు.

హెడ్‌లైట్లు వేస్తే ఆల్టర్నేటర్ బరువెక్కుతుంది, ఏసీ వేస్తే కంప్రెసర్. ఆ బరువుకి తగ్గట్టు ఐడిల్ వాల్వ్ ఎక్కువ గాలి వదలాలి. కేబుల్ త్రాటిల్ కాబట్టి మీకు విడిగా ఆ వాల్వ్ ఉంటుంది. నాలుగు పిన్నుల స్టెప్పర్ రకమైతే దాని కనెక్టర్ తీసి, జతకి జత ఓములు చూడండి. చాలా బండ్లలో 40 నుంచి 60 మధ్య ఉంటాయి, కానీ అంకె కన్నా రెండు కాయిళ్ళూ ఒకేలా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకటి ఓపెన్ అయితే (తెగిపోతే) వాల్వ్ ఉన్నచోటే వణుకుతుంది.

త్రాటిల్ సెన్సార్‌కి మూడు వైర్లు. కీ ఆన్‌లో ఒకదాని మీద 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. పెడల్ వదిలేస్తే సుమారు 0.5, పూర్తిగా తొక్కితే 4.5 దాకా. మధ్యలో నెమ్మదిగా తొక్కుతూ చూడండి, అంకె ఎక్కడా ఎగరకుండా పెరగాలి. డిజిటల్ మీటరు కన్నా ముల్లు మీటరు ఉంటే ఇక్కడ హాయి, ముల్లు ఉలిక్కిపడిందంటే అక్కడ ట్రాక్ అరిగిందని అర్థం. పెడల్ వదిలినా సిగ్నల్ 0.9 దగ్గర ఉంటే, త్రాటిల్ ఇంకా తెరిచే ఉందనుకుని ఈసీయూ ఐడిల్ పని మొదలే పెట్టదు.

స్కానర్ (ఈసీయూలోని అంకెలు చూపించే పరికరం) ఎవరిదైనా దొరికితే ఇంజిన్ వేడెక్కాక ఐడిల్ వాల్వ్ స్టెప్పులు, అంటే అది ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, ఎన్నో రాసుకోండి. ఏసీ స్విచ్చి నొక్కితే ‘ఏసీ రిక్వెస్ట్’ ఆన్ అవుతోందా అన్నదీ చూడండి. ఆ కబురు ఈసీయూకి అందకపోతే కంప్రెసర్ చెప్పాపెట్టకుండా మీద పడినట్టే. రాత్రంతా నిలిపిన బండిలో కూలంట్ టెంపరేచర్, లోపలికి వెళ్ళే గాలి టెంపరేచర్ దాదాపు ఒక్కటే చూపించాలి. పది డిగ్రీలు తేడా ఉందంటే రెంటిలో ఒకటి తప్పు చెబుతోంది.

కోడ్ (ఈసీయూ రాసిపెట్టుకునే తప్పు నంబరు) లేదు కదా అని సెన్సార్లు బాగున్నాయనుకోవద్దు. వైరు తెగితేనో, అంకె అసాధ్యమైతేనో కోడ్ పడుతుంది. చిన్న అబద్ధాన్ని చాలా పాత ఈసీయూలు పట్టించుకోవు.

బల్బుమాస్టారు

స్కానర్ గారు చెప్పిన వాటిలో ఒక్క జాగ్రత్త చేరుస్తాను, నా పేరు చూసి ఎవరైనా బల్బు పట్టుకుని బయల్దేరతారేమోనని. 21 వాట్ల బల్బు ఒకటిన్నర ఆంపియర్ పైనే లాగుతుంది. ఫ్యూయల్ పంప్ వైరు, హెడ్‌లైట్ వైరు, బాడీ ఎర్త్ లాంటి వాటికి దాన్ని మించిన పరీక్ష లేదు. ఒక్క తీగ మిగిలిన వైరులో కూడా మీటరు మొహమాటానికి 12 చూపిస్తుంది, బల్బు మాత్రం వెలగనంటుంది. అయితే అదే బల్బు సెన్సార్ వైర్ల మీద, ఈసీయూ పిన్నుల మీద పెడితే ఈసీయూ లోపల కాలిపోతుంది. అక్కడ మీటరే. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి దేనితోనూ వెళ్ళొద్దు.

పాతబండి

అప్‌డేట్. జంపర్ కేబుల్ పెట్టి వేడి మీద కొట్టగానే సెల్ఫ్ గిర్రున తిరిగింది. మా తమ్ముడు అదిరిపడ్డాడు.

పాత కేబుల్ ఉండగా, లైట్లు వేసి: ఆల్టర్నేటర్ దగ్గర 14.3, బ్యాటరీ మీద 13.5, మైనస్ నుంచి బ్లాకుకి మైనస్ 0.6. కేబుల్ తీస్తే బయటికి బాగానే ఉంది, గేర్‌బాక్స్ వైపు లగ్గు దగ్గర తొడుగు కోసి చూస్తే సగం తీగలు పొడైపోయాయి. చేత్తో వంచితే రాలాయి. కొత్తది వేశాక వేడి మీద సెల్ఫ్ కొట్టినప్పుడు మైనస్ నుంచి బ్లాకుకి 0.15. లైట్లు వేస్తే బ్యాటరీ మీద 14.1. ‘టక్’ మళ్ళీ రాలేదు.

ఐడిల్ ఇప్పుడు 550కి కాదు, 650 దాకా పడుతోంది. ఆగిపోవడం లేదు కానీ వణుకు ఉంది. త్రాటిల్ సెన్సార్ 0.52 నుంచి 4.4, ఎక్కడా ఎగరలేదు. ఐడిల్ వాల్వ్ రెండు కాయిళ్ళూ 52, 53. ఒక స్నేహితుడి స్కానర్ పెడితే ఏసీ రిక్వెస్ట్ సరిగ్గా మారుతోంది, టెంపరేచర్లు రెండూ కలిశాయి. వాల్వ్ స్టెప్పులు మాత్రం ఏ లోడూ లేకుండానే 70 చూపిస్తున్నాయి. ఆయన బండి కూడా ఇదే మోడల్, దాంట్లో 30 చిల్లర. అంటే వాల్వ్ పోయినట్టా?

స్కానర్_చూపు

వాల్వ్ పోలేదు, పాపం అది ఓవర్‌టైమ్ చేస్తోంది. అంత గాలి కోసం ఈసీయూ దాన్ని రెట్టింపు తెరవాల్సి వస్తోందంటే గాలి దారి మూసుకుపోయింది. త్రాటిల్ ప్లేటు అంచు చుట్టూ, వాల్వ్ కూర్చునే రంధ్రంలో కార్బన్ పేరుకుని ఉంటుంది. లోడ్ పడ్డప్పుడు ఇంకా తెరవడానికి దానికి మిగిలింది తక్కువ, అందుకే ఐడిల్ జారుతోంది. ఎక్కడో గాలి లీకై ఉంటే దీనికి వ్యతిరేకంగా స్టెప్పులు సున్నా వైపు పోయేవి.

బల్బుమాస్టారు

అవును, ఇక మీటరు పక్కన పెట్టి గుడ్డ, త్రాటిల్ క్లీనర్ తీసుకోండి. బ్యాటరీ విప్పి, త్రాటిల్ బాడీ తీసి కడగండి. ప్లేటు స్టాపర్ స్క్రూ ముట్టుకోవద్దు, అది ఫ్యాక్టరీలో పెట్టింది, తిప్పితే మీ 0.52 మారిపోతుంది. వాల్వ్ పిన్నుని చేత్తో లోపలికి నొక్కొద్దు, లోపలి మర పాడవుతుంది.

తిరిగి బిగించాక మొదట్లో ఐడిల్ 1200 దాకా ఎగరొచ్చు, ఈసీయూ కొత్త లెక్క నేర్చుకునేదాకా అంతే. ఏ లోడూ లేకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి వచ్చి ఆగేదాకా పెడల్ తొక్కకుండా వదిలేయండి. తర్వాత ఏసీ వేసి ఇంకాసేపు. కొన్ని మోడళ్ళకి స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (ఈసీయూకి ఐడిల్ లెక్క మళ్ళీ నేర్పించడం) చేయించాలి, మీ స్నేహితుడి స్కానర్‌లో ఆ మెనూ ఉందేమో చూడండి.

పాతబండి

కడిగాను మాస్టారూ. నల్లటి జిగురు, ప్లేటు వెనక వైపే ఎక్కువ. మొదట 1100కి లేచి, ఫ్యాన్ రెండోసారి తిరిగేసరికి 800కి దిగింది. స్టెప్పులు ఇప్పుడు 34. లైట్లు, బ్లోయర్, ఏసీ అన్నీ వేస్తే ఒక్కసారి 740 చూపించి వెంటనే 850కి లేస్తోంది. ఏసీ వేసినప్పుడు మామూలు కన్నా 50 ఎక్కువ ఉండటం సరైనదేనా?

స్కానర్_చూపు

సరైనదే. కంప్రెసర్ ఆన్‌లో ఉన్నంతసేపు ఈసీయూ కావాలనే కాస్త పైన ఉంచుతుంది. ఏసీ తీసేస్తే 800కి దిగుతోందో లేదో చూసుకోండి, చాలు.